పాఠానికి సరంజామా – 4: అరకిలో అనపకాయలు, మూడు తరగతులు

పోయిన పాఠంలో ఇచ్చిన హోంవర్కు చేశారా? ఉచితంగా పిల్లల కథలు దొరికే స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఒక తెలుగు కథ ఎంచుకుని, లైసెన్స్ వివరాలు చదివి, రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు తీసేయకుండా ప్రింటు తీసుకోమన్నాను. ఆ కాగితాలు పక్కన పెట్టుకోండి, చివర్లో పని పడుతుంది.

ఈసారి నెట్ అక్కర్లేదు. ఒక్క వస్తువుతో 2, 5, 7 తరగతులకు వేరువేరు వర్క్‌షీట్లు ఎలా తయారు చేయాలో చూద్దాం. బెంగళూరు ప్రైవేటు స్కూళ్లలో పనిచేసేవాళ్లకు దీని అవసరం నేను చెప్పక్కర్లేదు. పొద్దున స్టాఫ్‌రూమ్‌లో బ్యాగు పెట్టకముందే రాని టీచర్ల బదులు ఎవరు ఏ క్లాసుకెళ్లాలో చెప్పే సబ్‌స్టిట్యూషన్ కాగితం ఎదురొస్తుంది: రెండో పీరియడ్ 2బి, ఐదో పీరియడ్ 7ఎ. మన సబ్జెక్టేమిటో అడిగేవాళ్లుండరు.

మనం తీసుకునే వస్తువు అనపకాయలు. డిసెంబరు, జనవరి వస్తే కె.ఆర్.పురం సంత నుంచి వి.వి.పురం దాకా ఎక్కడ చూసినా ఇవే గుట్టలు. ఇక్కడివాళ్లు అవరెకాయి అంటారు. సీజన్ కాకపోతే పచ్చి బఠానీ కాయలైనా, వేరుశెనక్కాయలైనా పరవాలేదు. లోపల ఎన్ని గింజలున్నాయో బయటికి కచ్చితంగా తెలియని కాయ అయితే చాలు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మొదటి ఏడాది రెండో తరగతికి 8+5 రకం లెక్కలిచ్చి, ఏడో తరగతికి అదే షీటులో అంకెలు పెంచి 8,345+5,678 చేశాను. తరగతి పెరిగితే అంకెలు పెరగాలనుకున్నాను మరి. ఏడో తరగతివాళ్లు ఆరు నిమిషాల్లో ముగించి కాయలు విసురుకోవడం మొదలుపెట్టారు. పక్క క్లాసు టీచరు వచ్చి తలుపు దగ్గర నిలబడి నన్నే చూశారు.

రెండో తరగతి. ఒక్కొక్కరికి ఐదు కాయలు. ఒలవకముందే ఒక్కో కాయలో ఎన్ని గింజలుంటాయో ఊహించి రాయాలి, తర్వాత ఒలిచి లెక్కపెట్టి పక్కన రాయాలి. షీటు మీద మూడు గడులు చాలు: కాయ బొమ్మ, నా ఊహ, అసలు లెక్క. ఊహ గడిని మాత్రం తీసేయకండి. అది లేకపోతే పిల్లలు అంకెలు వేసుకుపోతారు తప్ప కాయ వంక చూడరు. అది ఉంటే కాయను వెలుతురుకి ఎత్తి చూస్తారు, వేళ్లతో తడుముతారు, పక్కవాడి కాయతో పోల్చుకుంటారు.

అప్పుడు ఎవరో ఒకరు కచ్చితంగా అడుగుతారు: "టీచర్, ఈ చిన్నది కూడా లెక్కేనా?" కాయ చివర సగమే ఎదిగిన గింజ అది. వెంటనే జవాబు చెప్పేయకండి. మా క్లాసులో పెద్ద వాదనే జరిగింది. చివరికి మినప గింజ కంటే పెద్దదైతేనే లెక్క అని వాళ్లే తేల్చారు. ఆ నియమం బోర్డు మీద రాసి ఉంచండి, ఏడో తరగతికి కావాలి.

ఐదో తరగతి. గణన చిహ్నాల పట్టిక, కమ్మీ చిత్రం. వీటి గురించి ఎక్కువ చెప్పను, మీ పుస్తకంలో ఉన్నవే. తక్కెడ దొరికితే ఒలవకముందు బరువు, ఒలిచాక గింజల బరువు తూయించి, మీరు కొన్న ధరను బట్టి కిలో గింజలు ఎంత పడ్డాయో కట్టించండి. ఇంటికెళ్లి అమ్మతో బేరం గురించి మాట్లాడతారు.

ఏడో తరగతి. ఇరవై కాయలు ఒలిపించాను. మాకు వచ్చిన లెక్క ఇది: రెండు గింజలవి 3 కాయలు, మూడు గింజలవి 8, నాలుగు గింజలవి 7, ఐదు గింజలవి 2. మొత్తం 68 గింజలు. సగటు 3.4, బాహుళకం (ఎక్కువసార్లు వచ్చిన లెక్క) 3, మధ్యగతం (వరుసలో పెడితే నడిమిది) కూడా 3. ఇక్కడిదాకా ఎవరైనా చేస్తారు. షీటులో నేను రాసిన చివరి ప్రశ్న: "3.4 గింజలున్న కాయ ఒక్కటి తెచ్చి చూపించండి." క్లాసంతా నవ్వింది. తర్వాత ఒకమ్మాయి, "మరి సగటు ఎవరిది టీచర్?" అంది. మిగిలిన పీరియడంతా ఆ ప్రశ్నకే సరిపోయింది.

ఇంకో ప్రశ్న: రెండో తరగతివాళ్ల మినపగింజ నియమం తీసేసి చిన్న గింజల్నీ కలిపితే, సగటు, బాహుళకం, మధ్యగతం మూడింటిలో ఏది మారుతుంది, ఏది మారకపోవచ్చు?

భాష పీరియడ్ పడితే పితికిపప్పు ఉంది. అనపగింజలు నానబెట్టి, పొట్టు ఊడేలా పితికితే పితికిపప్పు. కన్నడంలో హిదుకిద అవరెకాళు. పితుకు, హిదుకు పక్కపక్కన రాసి ఇలాంటి జతలు ఇంకా చెప్పమనండి. బెంగళూరు పిల్లలు కదా, క్షణంలో చెప్తారు: పాలు–హాలు, పులి–హులి, పంది–హంది, పల్లె–హళ్ళి. పాత కన్నడంలోనూ అక్కడ 'ప'నే ఉండేది, తర్వాత 'హ' అయింది. మా క్లాసులో ఒకడు "పుస్తకం–హుస్తక" అన్నాడు. తప్పే, కానీ పనికొచ్చే తప్పు. పుస్తకం సంస్కృతం నుంచి వచ్చిన మాట, అందుకే కన్నడంలోనూ 'ప'తోనే ఉంది. చిన్న తరగతికి జతలు కలపడం ఇవ్వండి. ఈ మినహాయింపు పెద్ద తరగతికి.

సైన్సుకైతే వేళ్ల బుడిపెల్లోని రైజోబియం అనే బాక్టీరియా, అది గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే నత్రజని స్థాపన. మొక్కను వేళ్లతో సహా తేగలిగితేనే ఈ పాఠం ఎత్తుకోండి. పచ్చి అనపగింజలు మాత్రం పిల్లల్ని నోట్లో వేసుకోనివ్వకండి, ఉడికించి తినాల్సినవి అవి.

ఒకే గదిలో వేరువేరు తరగతులకు కార్డులతో చెప్పే పద్ధతి కర్ణాటకకు కొత్తదేమీ కాదు. ఇక్కడి సర్కారు బడుల్లోని నలి-కలి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోటె తాలూకాలో మొదలైంది. దానికి ముందు అక్కడి టీచర్లు వెళ్లి చూసొచ్చింది మన మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పల్లె బడుల్నే. నలి-కలి కార్డు దొరికితే ఒకసారి చూడండి. ఏ మెట్టు మీదున్న పిల్లలు ఏం చేయాలో కార్డే చెప్తుంది, టీచరు పక్కన నిలబడి అరవక్కర్లేదు. మీ షీటు అలా ఉందో లేదో తేలాలంటే, ఏమీ వివరించకుండా ఒక పిల్లకో పిల్లాడికో ఇచ్చి రెండు నిమిషాలు ఊరుకోండి. "ఏం చేయాలి టీచర్?" అని అడిగితే ఆ వాక్యం తిరగరాయండి.

హోంవర్కు: పక్కన పెట్టుకున్న కథ తీయండి. కథ మార్చకుండా 2, 5, 7 తరగతులకు మూడేసి ప్రశ్నలు రాయండి. ప్రతి మూడింటిలో ఒకటి ఊహించి చెప్పాల్సినది కావాలి. వచ్చే పాఠంలో జెరాక్స్ ఖర్చు తగ్గేలా ఒక్క ఎ4 కాగితాన్ని నాలుగు కార్డులుగా మడిచే పద్ధతి చూద్దాం. కత్తెర, స్కేలు దగ్గర పెట్టుకోండి.