వానాకాలం పెరటి తోట చేయి దాటిపోతే: సమస్య ఏంటి, ఎందుకొచ్చింది, ఏం చేయాలి

మృగశిర కార్తెలో నాలుగు గింజలు వేసి వదిలేస్తే శ్రావణం వచ్చేసరికి పెరట్లో కాలు పెట్టే చోటుండదు, బీర తీగ వెళ్లి జామ చెట్టెక్కేస్తుంది, కింద తుంగ, గరిక, మధ్యలో వంగ మొక్క ఎక్కడుందో వెతుక్కోవాలి. ఈ టైంలో చాలామంది చేసే పని, ఏ ఆకు మీద మచ్చ కనిపించినా షాపుకెళ్లి ఏదో ఒక మందు తెచ్చి అన్ని మొక్కలకీ కొట్టేయడం. దయచేసి అలా చేయకండి, తినేది మన పిల్లలే. పైగా వానాకాలంలో చాలా బాధలు అసలు పురుగు వల్ల రావు, నీళ్లు నిలిచిపోయి, గాలి ఆడక, ఎండ తగలక వస్తాయి, వాటికి మందు లేదు, కత్తెర, పార ఉంటే చాలు. ముందు ఆకు తిప్పి అడుగు చూడండి, మొదలు దగ్గర మట్టి ముట్టుకుని చూడండి, ఆ తర్వాతే మిగతాది.

తీగ నిండా పూలే, కాయ ఒక్కటీ లేదు

అందరూ అడిగేది ఇదే. బీర, సొర, కాకర, దోస, గుమ్మడి వీటన్నిట్లో ఒకే తీగకి మగ పూలు, ఆడ పూలు వేరువేరుగా వస్తాయి. మొదట వచ్చేవి దాదాపు అన్నీ మగ పూలే, అవి పూసి రాలిపోవడం మామూలే, కంగారు పడక్కర్లేదు. ఆడ పువ్వుని గుర్తుపట్టడం తేలిక, రెక్కల కింద చిన్న పిందె ఉంటుంది. బీరలో అయితే మగ మొగ్గలు గుత్తిగా వస్తాయి, ఆడ పువ్వు ఒంటరిగా వస్తుంది.

ఆడ పూలు వచ్చి కూడా పిందె పసుపు రంగుకి తిరిగి రాలిపోతుంటే పుప్పొడి అందలేదనుకోవచ్చు, ముసురు పట్టిన రోజుల్లో తేనెటీగలు పెద్దగా తిరగవు కదా. అప్పుడు మనమే అద్దాలి. ఇక్కడ టైం ముఖ్యం: కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే విచ్చుకుంటాయి, బీర, సొర మాత్రం సాయంత్రం పొద్దుగూకే వేళకి విచ్చుకుంటాయి, కాబట్టి బీరకి పొద్దున్నే వెళ్తే పని అవ్వదు. అప్పుడే విచ్చుకున్న మగ పువ్వు తుంచి, రెక్కలు తీసేసి, మధ్యలో పొడి వేలికి అంటుతోందో లేదో చూసుకుని, ఆడ పువ్వు మధ్యలో ఉండే జిగురు ముద్ద మీద మెల్లగా నాలుగు వైపులా రాయండి. పిందె నిలిస్తే రెండు మూడు రోజుల్లోనే లావెక్కడం కనిపిస్తుంది. ఆ రాత్రి వాన పడేలా ఉంటే పువ్వు మీద చిన్న కవర్ తొడిగి పొద్దున్నే తీసేయండి.

సొరకి ఇంకో సంగతి ఉంది, ఆడ పూలు ఎక్కువగా పక్క కొమ్మల మీద వస్తాయి. తీగ పందిరి ఎక్కగానే చివర తుంచేయండి, పక్క కొమ్మలు వాటంతటవే వస్తాయి.

ఆకు దట్టం, పూతే లేదు

యూరియా లేదా మాగని పచ్చి పేడ ఎక్కువైతే మొక్క ఆకులు వేసుకుంటూ పోతుంది, పూత మర్చిపోతుంది. యూరియా ఆపేసి, కట్టె బూడిద మొదట్లో కొంచెం చల్లి, లోపలి ముసలి ఆకులు, ఒకదాని మీద ఒకటి పడ్డ కొమ్మలు కత్తిరించి ఎండ లోపలికి వెళ్లేలా చేస్తే చాలావరకు దారికొస్తుంది.

కానీ పందిరి చిక్కుడు సంగతి వేరు, దీని గురించి గట్టిగా చెప్పాలి. జూన్ జూలైలో నాటి, సెప్టెంబర్ దాకా చూసి, ఒక్క పువ్వు కూడా రాలేదని పీకేసేవాళ్లు ఎంతమందో. మన నాటు చిక్కుడు పగలు పొట్టిగా అయ్యాకే పూతకొస్తుంది, దసరా దాటాక మొదలై చలికాలమంతా కాస్తుంది, రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కట్టేది కూడా అవి ఆ రోజుల్లో విరగకాస్తాయి కాబట్టే. అప్పటిదాకా మీ పని పందిరి గట్టిగా వేయడం, అంతే. ఏ కాలంలో అయినా కాయాలంటే బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి రకాలున్నాయి, కుండీలో కూడా పెరుగుతాయి, అయినా రుచి అడిగితే నా ఓటు నాటు చిక్కుడుకే.

కాయ వంకర పోయి, పుచ్చి రాలుతోంది

బీర, కాకర, దోస కాయ మీద సన్నటి చుక్క, అక్కడ్నుంచి జిగురు కారుతుంటే అది పండు ఈగ. లేత కాయ తొక్క కింద గుడ్లు పెడుతుంది, లోపల తెల్ల పురుగులు తిని, మట్టిలోకి దిగి, మళ్లీ ఈగలై వస్తాయి. పురుగు కాయ లోపలుంటే పైన కొట్టిన మందు దాన్ని ఏం చేస్తుంది? రాలిన కాయలు రోజూ ఏరండి, కంపోస్టులో వేయకండి, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా ముడేసి ఎండలో పడేయండి. నిలిచిన పిందెకి వెంటనే పేపరు సంచో పాత పల్చటి గుడ్డో తొడగండి. క్యూ లూర్ (మగ ఈగల్ని లాగే వాసన) ఎర బుట్ట కడితే మగ ఈగలు పడతాయి, అదొక్కటే చాలదు, మిగతావాటితో పాటు చేస్తే ఫలితం ఉంటుంది.

మిరప ఆకు ముడుచుకుంది

ఎటువైపు ముడుచుకుందో చూడండి, మందు దాన్ని బట్టే. అంచులు పైకి లేస్తే పై ముడత, తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి ఆకు తిరగేసిన పడవలా అయి, కాడ సాగితే కింది ముడత, అది నల్లి, అంటే కంటికి సరిగా ఆనని సన్నటి మొక్కల పురుగు. పై ముడతకి లీటరు నీళ్లలో 5 ఎంఎల్ వేప నూనె, అది నీళ్లలో కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం పూట ఆకు అడుగున తడిసేలా కొట్టండి, వారం తర్వాత మళ్లీ. కింది ముడతకి నీళ్లలో కలిసే గంధకం లీటరుకి 3 గ్రాములు. ఈ రెండూ కలపొద్దు, వేప నూనె కొట్టిన రెండు వారాల దాకా గంధకం జోలికి పోవద్దు, ఆకు మాడిపోతుంది.

బెండ ఆకుల్లో ఈనెలు పసుపుగా వల అల్లినట్టు కనిపిస్తే అది పల్లాకు తెగులు, వైరస్, తెల్లదోమ మోసుకొస్తుంది. దీనికి మందు లేదు, ఆ మొక్క పీకేయండి, మిగతావాటి దగ్గర పసుపు జిగురు అట్టలు పెట్టండి.

మట్టి తడిగానే ఉంది, మొక్క వాడిపోయింది

వాడింది కదా అని ఇంకా నీళ్లు పోస్తే పని అయిపోయినట్టే, అక్కడ వేరుకి గాలి అందట్లేదు. పక్కన చిన్న కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి, మొదలు చుట్టూ మట్టి మెల్లగా గుల్ల చేయండి, మాగిన పశువుల ఎరువులో ట్రైకోడెర్మా విరిడి (వేరు కుళ్లుని అడ్డుకునే మంచి బూజు, పొడిగా దొరుకుతుంది) కలిపి వేయండి. పూర్తిగా కుళ్లిన వేరుని ఏదీ బతికించదు, ఆ చోట వచ్చేసారి మట్టి ఎత్తు చేసి నాటండి. వంగలో మొక్కంతా బాగుండి కొమ్మ చివర మాత్రమే వేలాడితే అది నీళ్ల బాధ కాదు, లోపల పురుగు ఉంది, వాడిన చోటుకి అంగుళం కిందకి కత్తిరించి చీల్చి చూడండి, కనిపిస్తుంది. ఆ ముక్క నేల మీద పడేయకుండా నాశనం చేయండి.

తుంగ ఎంత పీకినా వస్తోంది

పైన పీకితే ఆకు మాత్రమే వస్తుంది, కింద నల్ల గడ్డలు ఒకదానికొకటి సన్నటి వేళ్లతో కలిసి అలాగే ఉంటాయి. వాన వెలిసి మట్టి మెత్తగా ఉన్నప్పుడు గునపంతో చుట్టూ కదిలించి గడ్డతో సహా లాగండి, తెగిన గడ్డలు వేళ్లతో వెతికి తీయండి. దాని మీద అట్టలు పరిస్తే అట్టని పొడుచుకుని మరీ వస్తుంది, గరికకి ఆ పని కొంత నయం. తుంగకి నీడ పడదు, కాబట్టి ఖాళీ అయిన చోట వెంటనే బచ్చలో చిలగడదుంపో పాకించండి. వచ్చిన కొత్త మొలకల్ని నాలుగైదు ఆకులు వేయకముందే మళ్లీ తీయండి, ఒక సీజన్లో పోదు, రెండో ఏడాదికి మాత్రం తేడా బాగా తెలుస్తుంది.