అమెరికాలో ఇల్లు వేలానికి వెళ్లకముందే లోన్ మాడిఫికేషన్ కోరడం ఎలా

ఇంటి రుణం వాయిదా కట్టలేని పరిస్థితి రాబోతోందని తెలిసిన వెంటనే, వీలైతే ఒక్క వాయిదా కూడా తప్పకముందే, సర్వీసర్‌కు ఫోన్ చేసి, కట్టలేనివారి విషయం చూసే లాస్ మిటిగేషన్ విభాగాన్ని లోన్ మాడిఫికేషన్, అంటే రుణ షరతుల సవరణ, గురించి అడగాలి. నెలనెలా సొమ్ము వసూలు చేసే సర్వీసర్ ఒకరు, అప్పుకు అసలు హక్కుదారు మరొకరు కావడం అక్కడ మామూలే. ఆ హక్కుదారు, ఇంటి రుణాలను కొనే పెద్ద సంస్థలైన ఫ్యానీ మేనా, ఫ్రెడ్డీ మాకా అన్నది ఆ సంస్థల వెబ్‌సైట్లలో ఇంటి చిరునామా ఇచ్చి చూసుకోవచ్చు. ప్రభుత్వ పూచీ ఉండే ఎఫ్‌హెచ్‌ఏ రుణాలకు, మాజీ సైనికులకిచ్చే వీఏ రుణాలకు నిబంధనలు వేరుగా ఉంటాయి. మీకు ఎలాంటి సవరణ దక్కుతుందన్నది చాలావరకు దీన్నిబట్టే ఉంటుంది కనుక ముందే తేల్చుకోవాలి.

ఫెడరల్ నిబంధనల ప్రకారం, సాధారణంగా బకాయి 120 రోజులు దాటితే తప్ప సర్వీసర్ ఫోర్‌క్లోజర్ (అప్పు కింద ఇంటిని వేలం వేసే) ప్రక్రియను మొదలుపెట్టకూడదు. మొదలుపెట్టిన తరువాత కూడా, వేలం తేదీకి 37 రోజులకు మించి గడువు ఉండగా పూర్తి దరఖాస్తు అందితే, సర్వీసర్ 30 రోజుల్లో దాన్ని పరిశీలించి నిర్ణయం తెలపాలి. అది తేలేవరకు వేలం జరపకూడదు. కొద్దిపాటి రుణాలే నిర్వహించే చిన్న సర్వీసర్లకు మాత్రం వీటిలో కొన్ని వర్తించవు.

దరఖాస్తు పూర్తి కాకపోతే ఈ రక్షణ చాలావరకు దక్కదు. అందుకే నా దృష్టిలో తిరస్కరణ కంటే అసంపూర్తి ఫైలుకే ఎక్కువ భయపడాలి. దరఖాస్తు ఫారం, ఇటీవలి పే స్టబ్‌లు (జీతం చీటీలు), బ్యాంకు స్టేట్‌మెంట్లు, ట్యాక్స్ రిటర్న్, పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ నుంచి మీ పన్ను వివరాలు తెప్పించుకునేందుకు అనుమతినిచ్చే 4506-సి ఫారం, ఇబ్బందిని వివరించే లేఖ సాధారణంగా అడుగుతారు. స్టేట్‌మెంట్ చివరి పేజీ ఖాళీగా ఉన్నా, దానిమీద ‘5లో 5’ అని ఉంటే అదీ పంపవలసిందే. ఇంటిపేరు ఒక కాగితంలో ముందూ మరొక దానిలో వెనకా ఉండడం మనవాళ్లకు అలవాటే గనుక, రుణపత్రాల్లో ఉన్న పేరునే అంతటా రాయాలి. లేఖ ఒక్క పేజీ చాలు: ఉద్యోగం ఏ నెలలో పోయిందో, ఇప్పుడు ఆదాయం ఎంతో, నెలకు ఎంత కట్టగలరో తేదీలతో చెప్పాలి. కష్టాన్ని ఎంత వర్ణించినా, ఇకమీదట కట్టగలరన్న ఆధారం లేకపోతే ఫైలు నిలవదు. వేలానికి ఇంకా 45 రోజులైనా ఉంటే, దరఖాస్తు అందిన ఐదు పనిదినాల్లో ఏయే పత్రాలు తక్కువయ్యాయో సర్వీసర్ రాతపూర్వకంగా తెలపాలి. ఆ ఉత్తరానికి వెంటనే స్పందించండి.

మాడిఫికేషన్‌లో సాధారణంగా బకాయిని అసలులో కలుపుతారు, గడువును 40 ఏళ్లదాకా పొడిగిస్తారు, కొన్నిసార్లు వడ్డీ తగ్గిస్తారు; అసలు మాఫీ చేయడం అరుదు. ఉదాహరణకు 7 శాతం వడ్డీతో 3,00,000 డాలర్లు 25 ఏళ్లలో తీర్చాలంటే అసలూ వడ్డీ కలిసి నెలకు సుమారు 2,120 డాలర్లవుతుంది. 12,000 డాలర్ల బకాయి కలిపి, అదే వడ్డీకి 40 ఏళ్లు చేస్తే సుమారు 1,939 డాలర్లు. నెలకు తగ్గేది 181 డాలర్లే, వడ్డీ మాత్రం మరో 15 ఏళ్లు నడుస్తుంది. ఆ తగ్గింపుతో ఇల్లు గడవదనుకుంటే, మార్కెట్ బాగున్నప్పుడే అమ్ముకోవడం మేలు కావచ్చు.

ఆమోదానికి ముందు సాధారణంగా కొత్త వాయిదాను కట్టి చూపించే మూడు నెలల ట్రయల్ ప్లాన్ ఇస్తారు; అందులో ఒక్క చెల్లింపు ఆలస్యమైనా ఒప్పందం చెడవచ్చు. వేలానికి 90 రోజులు లేదా అంతకుముందే పూర్తి దరఖాస్తు అంది ఉంటే, మాడిఫికేషన్ తిరస్కరణపై 14 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, దాన్ని మొదట చూసినవారు కాక వేరే సిబ్బంది పరిశీలించాలి. ముందే ఫీజు కట్టమనే మధ్యవర్తులను దరిచేరనివ్వకండి. ప్రభుత్వ గృహనిర్మాణ శాఖ అయిన హడ్ గుర్తింపు పొందిన కౌన్సెలర్లు ఇదే సాయం ఉచితంగా చేస్తారు.

తుది ఒప్పందంపై సంతకం చేసేముందు కొత్త అసలు ఎంత, వడ్డీ స్థిరమా లేక కొన్నేళ్లకు పెరుగుతుందా, వాయిదా వేసిన మొత్తమేదైనా ఇల్లు అమ్మిననాడు ఒక్కసారిగా కట్టాలా అన్నవి చూసుకోండి. ఎస్క్రో (పన్ను, బీమా సొమ్మును సర్వీసరే వసూలు చేసి కట్టే ఖాతా) ఉంటే ఆస్తి పన్ను, బీమా కూడా నెలవారీ మొత్తంలో కలుస్తాయి కనుక, సర్వీసర్ ఫోన్లో చెప్పిన అంకెకూ కాగితంమీద ఉన్న అంకెకూ తేడా కనిపిస్తే రాతపూర్వకంగా వివరణ అడిగాకే సంతకం చేయండి.