కారు బెల్ట్ అరిగిందా? మొదటిసారి మీ చేత్తో మీరే మార్చుకోవడం ఎలా

మేడారంలో తల్లుల దర్శనం చేసుకొని వరంగల్‌కు తిరిగి వస్తున్నాం. పస్రా దాటిన కాసేపటికి బోనెట్ కింద టప్పుమని చప్పుడైంది. వెంటనే మీటర్ దగ్గర బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది, స్టీరింగ్ తిప్పలేనంత బరువెక్కింది, చూస్తుండగానే టెంపరేచర్ ముల్లు పైకి లేచింది. బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు. మెకానిక్ బైక్ మీద బెల్ట్ తెచ్చి వేసేసరికి చీకటి పడింది. అంతకుముందు నెల రోజులుగా పొద్దున స్టార్ట్ చేసినప్పుడల్లా ఆ బెల్ట్ కీచుమని అరుస్తూనే ఉంది. ఆ అరుపుకు అర్థం అప్పుడు నాకు తెలియదు. తెలిసి ఉంటే ఒక ఆదివారం పొద్దున రెండు గంటల్లో తేలిపోయే పని అది. అందుకే తెలిసినదంతా విడమరిచి రాస్తున్నాను.

ముందు ఏ బెల్ట్ గురించి మాట్లాడుతున్నామో స్పష్టంగా ఉండాలి. ఇంజిన్ పక్కన బయటికి కనిపించే నల్ల రబ్బరు బెల్ట్ ఇది. మనవాళ్లు ఫ్యాన్ బెల్ట్ అంటారు, డైనమో బెల్ట్ అంటారు. ఇప్పటి కార్లలో రేడియేటర్ ఫ్యాన్ ఎక్కువగా కరెంటుతోనే తిరుగుతుంది, పాత పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. కింద ఉండే క్రాంక్ పుల్లీ (ఇంజిన్‌తోపాటే తిరిగే చక్రం) తిరిగితే ఈ బెల్ట్ డైనమోను, ఏసీ కంప్రెసర్‌ను, చాలా బండ్లలో వాటర్ పంపును, పాతరకం పవర్ స్టీరింగ్ ఉంటే దాని పంపును కూడా తిప్పుతుంది. మా బండిలో ఇవన్నీ ఒకే బెల్ట్ మీద ఉన్నాయి కాబట్టి ఒక్కసారే అన్నీ ఆగిపోయాయి.

టైమింగ్ బెల్ట్ వేరు. అది కవర్ లోపల ఉంటుంది, దాని పళ్లు బెల్ట్‌కు అడ్డంగా ఉంటాయి. మనం మార్చబోయే బెల్ట్ గాళ్లు, అంటే గట్ల మధ్య సన్నటి గాడులు, పొడవునా ఉంటాయి. టైమింగ్ బెల్ట్ ఒక్క పన్ను తప్పినా కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ కవర్ జోలికి వెళ్లొద్దు.

అరిగిందని ఎలా తెలుస్తుంది

చల్లటి ఇంజిన్, చేతిలో ఫోన్ టార్చ్ ఉంటే చాలు. పాతకాలం రబ్బరు బెల్ట్ అరిగితే లోపలి వైపు అడ్డంగా పగుళ్లు కనిపించేవి. ఇప్పుడు వచ్చే బెల్ట్‌ల రబ్బరు వేరు. అది పగలకుండానే లోలోపల అరుగుతుంది. కాబట్టి పగుళ్లు లేవు, బాగానే ఉంది అనుకోవద్దు. గాళ్లను వేలితో తడిమి చూడండి. కొత్త బెల్ట్‌లో గట్టు, గాడి విడివిడిగా చేతికి తెలుస్తాయి. అరిగినదాంట్లో గాడి వెడల్పై, గట్టు మొన సన్నబడి ఉంటుంది. అద్దంలా మెరుస్తుంటే జారుతోందని అర్థం. అంచుల్లో దారాలు లేచాయా, గట్టు ముక్కలుగా ఊడిందా, ఆయిల్ తడి ఉందా కూడా చూడండి. వీటిలో ఏది కనిపించినా మార్చాల్సిందే.

మన దగ్గర బెల్ట్‌కు ఇంకో శత్రువు దుమ్ము. కరీంనగర్ వైపు గ్రానైట్ లారీల వెనక, నర్సంపేట వైపు మట్టి రోడ్ల మీద రోజూ తిరిగే బండికి ఆ సన్నటి పొడి గాళ్లలో చేరి ఆకురాయిలా పనిచేస్తుంది. మే నెల ఎండలో బోనెట్ కింద వేడి సరేసరి. అందుకే మాన్యువల్‌లో రాసిన కిలోమీటర్లు పూర్తయ్యేదాకా ఆగకుండా సర్వీసింగ్ చేయించిన ప్రతిసారీ టార్చ్ వేసి చూసుకోవడం మంచిది.

సరైన బెల్ట్ కొనడం

బెల్ట్ వీపు మీద 4పీకే 850 లాంటి నంబర్ ఉంటుంది. మొదటి అంకె గట్ల సంఖ్య, పీకే అంటే గట్టు ఆకారం, చివరిది మిల్లీమీటర్లలో పొడవు. షాపులో ముందుగా అడిగే మాట ఒకటే: "అన్నా, పాత బెల్ట్ తెచ్చినవా? ఏసీ బండేనా?" ఒకే మోడల్‌లో ఏసీ ఉన్నదానికి, లేనిదానికి, పెట్రోల్‌కు, డీజిల్‌కు బెల్ట్ పొడవు మారుతుంది. అందుకే ఆర్‌సీ ఫోటో దగ్గర పెట్టుకోండి. బెల్ట్ విప్పాక కొనేటట్టయితే పాతది చేత పట్టుకొని వెళ్లి, రెండిటినీ పక్కపక్కనే వేలికి వేలాడదీసి చూడండి. గట్లు సమానంగా ఉండాలి. పాతది కొద్దిగా సాగి ఉంటే పర్వాలేదు, అంతకంటే తేడా ఉంటే నంబర్ మళ్లీ సరిచూడమనండి.

విప్పే ముందు

బండి సమతలంగా ఉన్నచోట ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి. తాళంచెవి జేబులో వేసుకోండి. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పక్కకు పెట్టండి. డైనమో వెనక లావు వైరు బిగించిన చోట ఇంజిన్ ఆగి ఉన్నా కరెంటు ఉంటుంది. అక్కడ పానా తగిలి, అదే పానా ఇంజిన్‌కు ఆనితే నిప్పులు లేస్తాయి.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు: 10, 12, 14, 17 నంబర్ పానాలు, ఒక పొడవు రాడ్, పాత టూత్‌బ్రష్, గుడ్డ.

చాలా చిన్న కార్లలో పైనుంచి చెయ్యి పట్టదు. ముందు చక్రం విప్పి, లోపలి ప్లాస్టిక్ తొడుగు తీయాల్సి వస్తుంది. అప్పుడు జాకీతో లేపి, తప్పకుండా ఇనుప స్టాండ్ మీద దించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కింద చెయ్యి పెట్టొద్దు. సిమెంట్ ఇటుకలు అసలే వద్దు, అవి ఏ సూచనా లేకుండా పగులుతాయి.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన పని: పాత బెల్ట్ ఏ పుల్లీ పై నుంచి, దేని కింద నుంచి వెళ్తోందో రెండు వైపుల నుంచి ఫోటో తీయండి. కాగితం మీద గుండ్రాలు గీసి దారి కూడా గీసుకోండి. ఫోటోలో కనపడని మూల గీతలో దొరుకుతుంది. ఏ బోల్టు ఎక్కడిదో కూడా అదే కాగితం మీద రాసుకోండి.

పాతది తీయడం

మీ బండిలో బెల్ట్‌ను బిగించే ఏర్పాటు ఏదో చూసుకోండి. పాత, చిన్న బండ్లలో చేత్తో బిగించే రకం ఉంటుంది. డైనమో కింద ఇరుసులా ఒక బోల్టు, పైన పొడవాటి కన్నంలో లాక్ బోల్టు, దాని పక్కన సన్నగా పొడవైన అడ్జస్టర్ బోల్టు. మొదటి రెండిటినీ ఒక చుట్టు లూజు చేయండి, పూర్తిగా ఊడదీయొద్దు. తర్వాత అడ్జస్టర్‌ను వదులు చేస్తూ డైనమోను ఇంజిన్ వైపు నెడితే బెల్ట్ చేతికి వస్తుంది. రెండు బెల్ట్‌లుంటే బయటిది ముందు తీయాలి.

రెండో రకంలో స్ప్రింగ్ టెన్షనర్ ఉంటుంది. దాని బోల్టుకు పొడవు పానా వేసి మెల్లగా తిప్పితే బెల్ట్ వదులవుతుంది. గాళ్లు లేని నున్నటి పుల్లీ మీద నుంచి ముందు జార్చి, టెన్షనర్‌ను మెల్లగానే వెనక్కి వదలండి. స్ప్రింగ్ బలం తక్కువేమీ కాదు, వేళ్లు మధ్యలో ఉండకూడదు.

ఈ రెండూ కనిపించకపోతే అది సాగే బెల్ట్. దాన్ని ఎక్కించడానికి ప్రత్యేకమైన పనిముట్టు కావాలి, మెకానిక్‌కు వదిలేయండి.

కొత్తది వేసేముందు పుల్లీలు చూడాలి

బెల్ట్ ఊరికే పాడవదు. కారణం అక్కడే ఉంటే కొత్తది కూడా అదే దారి పడుతుంది. బెల్ట్ లేనప్పుడే ఇది చూడగలం కాబట్టి తొందరపడకండి. ఒక్కో పుల్లీని వేలితో తిప్పండి. డైనమో, ఐడ్లర్ (బెల్ట్‌కు దారి చూపే ఉత్త పుల్లీ) నున్నగా తిరగాలి. ఇసుక నలిగినట్టు గరగరమన్నా, పట్టుకొని ఊపితే కదిలినా బేరింగ్ పోయింది. వాటర్ పంపు కింద కూలెంట్ ఎండిన మరక ఉందేమో చూడండి. ఆయిల్ కారుతుంటే ముందు దాన్ని ఆపించాలి, ఆయిల్ తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పుల్లీ గాళ్లలో పేరుకున్న మట్టిని టూత్‌బ్రష్‌తో గీకి, పొడిగుడ్డతో తుడవండి.

ఎక్కించడం, బిగించడం

గీసుకున్న బొమ్మ ప్రకారం క్రాంక్ పుల్లీతో మొదలుపెట్టి, సులువుగా చెయ్యి పట్టే పుల్లీతో ముగించండి. స్క్రూడ్రైవర్‌తో తన్ని ఎక్కించొద్దు, లోపలి దారాలు తెగుతాయి.

మొన్న హన్మకొండలో మా మేనల్లుడు తన బండికి తనే బెల్ట్ వేశాడు. "మామా, అయిపోయింది, స్టార్ట్ చేయాల్నా?" అన్నాడు. ఆగమని, టార్చ్ వేసి, క్రాంక్ పుల్లీ అంచు మీద వేలు పోనిచ్చాను. బెల్ట్‌లోని ఒక గట్టు పుల్లీ బయటికి వేలాడుతోంది. పైనుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉంది. వాణ్ని కూడా వేలు పెట్టి చూడమన్నాను. "నిజమే మామా, తగులుతుంది" అని మళ్లీ విప్పి వేశాడు. అలాగే స్టార్ట్ చేసి ఉంటే ఆ అంచు చీరుకుపోయేది. ప్రతి పుల్లీనీ కంటితో చూశాక వేలితో కూడా తడమండి.

స్ప్రింగ్ టెన్షనర్ ఉంటే బిగువు అదే చూసుకుంటుంది. చేత్తో బిగించే రకంలో పనంతా ఇక్కడే ఉంది. రెండు పుల్లీల మధ్య అన్నిటికంటే పొడవుగా ఉన్న భాగం నడుమ బొటనవేలితో 10 కిలోల బలంతో నొక్కితే చాలా బండ్లలో బెల్ట్ 8 నుంచి 12 మిల్లీమీటర్లు దిగుతుంది. మీ బండి మాన్యువల్‌లో అంకె ఉంటే దాన్నే పాటించండి. 10 కిలోల బలం ఎంతో తెలియాలంటే ఇంట్లో బరువు చూసుకునే మిషన్‌ను బొటనవేలితో నొక్కి చూడండి. రెండు మూడుసార్లు నొక్కితే చేతికి లెక్క తెలిసిపోతుంది.

అడ్జస్టర్‌ను అర చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ నొక్కి చూడండి. సరిపోయాక లాక్ బోల్టు, తర్వాత కింది బోల్టు గట్టిగా బిగించండి. బోల్టులు బిగిసేటప్పుడు డైనమో కొంచెం జరుగుతుంది, కాబట్టి చివర ఇంకోసారి నొక్కి చూడాలి. లూజుగా ఉంటే జారుతుందన్న భయంతో చాలామంది తీగలా బిగించేస్తారు. అలా చేస్తే డైనమో, వాటర్ పంపు బేరింగ్‌లు పోతాయి. బెల్ట్ ధరకు ఆ ఖర్చుకు పోలికే లేదు.

గేర్ న్యూట్రల్‌లో పెట్టి, క్రాంక్ బోల్టుకు పానా వేసి, బిగిసే దిశలో ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పండి. బెల్ట్ గాడి తప్పకుండా నిలిస్తే చక్రం, తొడుగు బిగించి, బండి దించి, బ్యాటరీ తగిలించండి.

స్టార్ట్ చేశాక

పానాలన్నీ లెక్కపెట్టుకొని, చున్నీ, కండువా, వదులు చొక్కా చేతులు బెల్ట్ దరిదాపుల్లో లేకుండా చూసి స్టార్ట్ చేయండి. బ్యాటరీ గుర్తు ఆరిపోవాలి. ఏసీ, హెడ్‌లైట్లు వేసి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పి వినండి. మల్టీమీటర్ ఉంటే బ్యాటరీ దగ్గర సాధారణంగా 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపిస్తుంది.

కీచుమంటే సబ్బు, కొబ్బరినూనె, స్ప్రేలు రాయొద్దు. కాస్త దూరం నుంచి బెల్ట్ గాళ్ల వైపు నీళ్లు చిలకరించండి. చప్పుడు పెరిగితే బిగువు చాలలేదు. కాసేపు తగ్గి మళ్లీ మొదలైతే ఏదో పుల్లీ వరస తప్పింది.

పావుగంట నడిపి, ఆపి, చల్లారాక బిగువు మళ్లీ చూడండి. చేత్తో బిగించే రకమైతే 200 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి చూడాలి, కొత్త బెల్ట్ మొదట్లో కొంచెం సాగుతుంది. మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక స్టిక్కర్ మీద రాసి బోనెట్ లోపల అంటించండి. పాతది తెగకుండా తీసినదే అయితే పారేయకండి. దాన్ని, దానితోపాటు 12, 14 పానాలను గుడ్డలో చుట్టి డిక్కీలో ఉంచండి. ఆ సాయంత్రం పస్రా దగ్గర నా బండిలో ఆ మూట ఉండి ఉంటే ములుగు వరకైనా మాకై మేం చేరుకునేవాళ్లం.