బీఫ్ నూడుల్స్ గంటలో ఇంట్లోనే, అచ్చం బండి మీద చేసినట్టు

మా విజయనగరంలో సాయంత్రం ఆరు దాటిందంటే ఏ జంక్షన్‌లో చూసినా ఫాస్ట్‌ఫుడ్ బండే, చికెన్ నూడుల్స్, ఎగ్ నూడుల్స్ ఎంత కావాలంటే అంత, కానీ బీఫ్ నూడుల్స్ మాత్రం నేను బండి మీద ఎక్కడా చూళ్ళేదు. మా తమ్ముడు బెంగుళూరులో ఉన్నప్పుడు నేను వెళ్తే పార్సిల్ తెచ్చేవాడు, ఆ రుచి అలా ఉండిపోయింది. ఇక్కడికొచ్చాక ఎలాగైనా చెయ్యాలని పట్టుపట్టాను, రెండు మూడు సార్లు చెడింది, ఇప్పుడు బాగా కుదురుతోంది కాబట్టి రాస్తున్నా. బీఫ్ తినని వాళ్ళు ఇదే పద్ధతిలో చికెన్ వేసుకోవచ్చు, దానికి మాంసం మెత్తబడ్డానికి వేసే వంట సోడా కూడా అక్కర్లేదు.

ముందు మాంసం సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది దగ్గర చెడేది ఇక్కడే. మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం ఆవుని కొయ్యకూడదు, కాబట్టి షాపులో బీఫ్ అని ఇచ్చేది ఎక్కువగా గేదె మాంసం, దున్న మాంసం. కొవ్వు తక్కువ, నార ఎక్కువ, ఊరికే కోసి వేయిస్తే రబ్బరులా సాగుద్ది. షాపాయన్ని అండర్‌కట్ (నడుం దగ్గరి మెత్తటి మాంసం) ఉందా అని అడగండి, లేకపోతే తొడ దగ్గర ఎముక లేనిది 300 గ్రాములు ఒకే ముద్దగా ఇమ్మనండి, కూరకి కొట్టినట్టు ముక్కలు కొట్టించుకోవద్దు. తెచ్చాక అరగంట డీప్ ఫ్రీజర్‌లో పెడితే కాస్త బిగుసుకుంటాది, అప్పుడు కత్తికి జారకుండా పల్చగా తెగుద్ది. వెలుతురులో పెట్టి చూస్తే దారాల్లాగా నార ఒకవైపుకి సాగి కనపడుద్ది కదా, కత్తి ఆ దారాలకి అడ్డంగా పడాలి, వాటి వెంబడే కోస్తే ఎంత ఉడికినా నమలలేం. ముక్క అరటికాయ చిప్స్ కంటే కొంచెం మందం ఉంటే చాలు.

ఇప్పుడు ఆ ముక్కల మీద అర టీస్పూన్ వంట సోడా, రెండు స్పూన్ల నీళ్ళు వేసి చేత్తో పిసికి 20 నిమిషాలు వదిలెయ్యండి. సోడా క్షారం కదా, అది పట్టాక మాంసంలో ప్రోటీన్లు వేడికి గట్టిగా ముడుచుకోవు, అందుకే ముక్క మెత్తగా ఉంటాది. తర్వాత రెండు మూడు నీళ్ళతో బాగా కడిగి గట్టిగా పిండాలి, కడగడం దగ్గర బద్ధకిస్తే సబ్బు రుచి వచ్చేస్తాది, ఇది మాత్రం మర్చిపోకండి. పిండాక ఒక స్పూన్ సోయా సాస్, ఒక స్పూన్ కార్న్‌ఫ్లోర్, ఒక స్పూన్ నూనె, మిరియాల పొడి కలిపి పక్కన పెట్టుకోండి.

మాంసం సోడాలో నానుతుండగానే మిగతా పనులు బేగి అయిపోతాయి. హక్కా నూడుల్స్ ప్యాకెట్ ఒకటి, మరుగుతున్న నీళ్ళలో ఉప్పేసి ప్యాకెట్ మీద రాసిన టైమ్ కన్నా ఒక నిమిషం ముందే దించి, వార్చేసి, చన్నీళ్ళు పోసి, ఒక స్పూన్ నూనె రాసి పళ్ళెంలో పల్చగా ఆరబెట్టండి. తడి ఆరకపోతే మూకుట్లో ముద్దవుద్ది. క్యాబేజీ, క్యారెట్, క్యాప్సికం సన్నగా నిలువుగా, వెల్లుల్లి ఆరు రెబ్బలు, చిన్న అల్లం ముక్క, ఉల్లికాడలు ఒక కట్ట (తెల్లది వేరే, పచ్చది వేరే). ఒక చిన్న గిన్నెలో రెండు స్పూన్ల సోయా సాస్, ఒక స్పూన్ చిల్లీ సాస్, అర స్పూన్ వెనిగర్, అర స్పూన్ పంచదార కలిపి ఉంచుకోండి, పొయ్యి వెలిగాక సీసాల మూతలు తీసే టైమ్ ఉండదు.

ఇక అసలు విషయం ఏటంటే మంట. బండి వాళ్ళ పొయ్యి మంట మన ఇంటి గ్యాస్‌కి రాదు, అందుకని ఇనప మూకుడు పెట్టి ఖాళీగానే పొగ వచ్చేదాకా కాల్చాలి, అప్పుడు నూనె. నాకు మొదట్లో చెడింది ఇక్కడే, ఇంట్లో నలుగురికీ ఒకేసారి అయిపోవాలని మాంసం అంతా ఒక్కసారే వేసేశాను, ఒక్క నిమిషంలో బూడిదరంగు నీళ్ళు ఊరి వేపుడు కాస్తా ఉడుకు అయిపోయింది. నీళ్ళు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోద్ది, మాంసానికి ఎర్రటి రంగు, ఆ కాలిన వాసన రావాలంటే ఇంచుమించు 140 దాకా వెళ్ళాలి. అందుకే సగం సగం వెయ్యండి, పరిచేసి అరనిమిషం కదపకుండా ఉంచి, అంచులు ఎర్రబడ్డాక తిప్పి, ఇంకో అరనిమిషానికి పళ్ళెంలోకి తీసెయ్యాలి. మిగతా సగం కూడా అంతే.

అదే మూకుట్లో ఇంకొంచెం నూనె, వెల్లుల్లి అల్లం ఉల్లికాడల తెల్లది, పది సెకన్లు, తర్వాత కూరగాయలు పెద్ద మంట మీద ఒక నిమిషం, కరకరలాడుతుండగానే నూడుల్స్ వేసి, సాస్ మధ్యలో కాకుండా మూకుడు అంచుల చుట్టూ పొయ్యండి. అంచుకి తగలగానే చుయ్‌మని బుడగలొచ్చి వాసన ముందు గది దాకా వెళ్తుంది, బండి దగ్గర నిలబడితే వచ్చే వాసన అదే. మాంసం వేసి అట్లకాడతో అడుగు నుంచి పైకి ఎత్తి ఎత్తి తిప్పండి, నూడుల్స్‌ని కలబెడితే తెగిపోతాయి. చివర్లో ఉల్లికాడల పచ్చది వేసి దించడమే.

ఈ వంటలో నువ్వుల నూనె కూడా వెయ్యమంటారు కానీ చైనా వాళ్ళది బాగా వేయించిన నువ్వుల నూనె, మన గానుగ నూనెకి ఆ వాసన రాదు. నేనైతే ఒక స్పూన్ నువ్వులు దోరగా వేయించి, నలిపి పైన చల్లుతాను, చాలా బాగుంటాది.

ఈ కొలత ఇద్దరికి, పిల్లలుంటే ముగ్గురికి సరిపోద్ది. ఎక్కువమంది ఉంటే మళ్ళీ మూకుడు కాల్చి రెండో వాయి చెయ్యండి గానీ కొలత మాత్రం పెంచొద్దు. మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు నీళ్ళు చల్లకుండా వేడి మూకుట్లో రెండు నిమిషాలు బాగా వేగనివ్వండి, అంచులు కరకరలాడుతూ రాత్రి కన్నా నాకు అవే ఎక్కువ నచ్చుతాయి.