పూజ మానలేదు, కష్టం ఆగలేదు: ఆ ప్రశ్న వచ్చిన రోజు ఏం చేయాలి

రోజూ దేవుణ్ణి తలచుకునే మనిషికి జబ్బు చేస్తే రెండు బాధలు ఒకేసారి మొదలవుతాయి. ఒకటి జబ్బు. రెండోది, "ఇన్నేళ్లు నమ్ముకున్నానే, నాకే ఎందుకిలా?" అన్న ప్రశ్న. దేన్నీ నమ్ముకోనివాళ్లకు ఈ రెండోది ఇంత పదునుగా తగలదు, ఎందుకంటే ఎవరో మాట తప్పినట్టు వాళ్లకు అనిపించదు. భక్తుల్ని మాత్రం ఒక్కోసారి జబ్బుకన్నా ఇదే ఎక్కువగా నలిపేస్తుంది. ఈ రెండింటికీ మందు ఒకటి కాదు. కలగలిసిపోయి ఉన్నప్పుడు దేనికి ఏం చేసినా పనిచేయదు. అందుకని మొదటి పని వాటిని విడదీయడం.

బుద్ధుడు దీన్ని రెండు బాణాల పోలికతో చెప్పాడు. సాధన ఎరగనివాడికి ఒక బాణం తగిలాక దాని వెంటే ఇంకోటి తగులుతుంది. మొదటిది ఒంటి నొప్పి, రెండోది ఆ నొప్పి మీద మనసు పడే యాతన. సాధన ఉన్నవాడికి మొదటిది ఒక్కటే తగులుతుంది. అసలు తగలదని మాత్రం ఆయన అనలేదు. తనకే నడుం నొప్పి వచ్చి, బోధను శిష్యుడికి అప్పగించి పడుకున్న సందర్భాలు పాళీ గ్రంథాల్లో ఉన్నాయి. రామకృష్ణ పరమహంస 1886లో గొంతు క్యాన్సర్‌తో కన్నుమూశారు. రమణ మహర్షికి ఎడమ మోచేతి దగ్గర లేచిన కణితికి 1949లో నాలుగుసార్లు ఆపరేషన్ జరిగింది. 1950 ఏప్రిల్ 14న ఆయన దేహం విడిచారు. వీళ్ల భక్తిలో లోటుందని ఎవరూ అనరు. అలాంటప్పుడు "నా భక్తి చాలకే ఇలా అయింది" అన్న లెక్క మొదటి మెట్టు దగ్గరే తప్పింది.

మొదటి కాగితం: జరిగింది మాత్రమే

కాగితం, కలం తీసుకుని ఇరవై నిమిషాలు ఎవరూ పిలవని చోట కూర్చోండి. జరిగినవి ఒక్కొక్కటీ ఒక్కో వరుసలో రాయండి. పక్కనున్న మనిషి కళ్లతో చూడగలిగింది, చెవులతో వినగలిగింది మాత్రమే ఈ కాగితం మీదికి రావాలి. "మూడో తారీకున ఉద్యోగం పోయింది" రాయొచ్చు. "దేవుడు చెయ్యి వదిలేశాడు" రాయకూడదు. అది ఎవరి కంటికీ కనపడలేదు, మీ మనసు చెప్పింది. దాన్ని పారేయకండి, రెండో కాగితానికి దాచండి.

తర్వాత ఒక్కో వరుస పక్కన అది ఏ దిక్కునుంచి వచ్చిందో గుర్తు పెట్టండి. ఇందుకు తాపత్రయం అన్న పాత విభజన ఇప్పటికీ చక్కగా పనికొస్తుంది. తాపత్రయం అంటే మనం ఇప్పుడు వాడే ఆరాటం అన్న అర్థం కాదు, మూడు తాపాలు. ఆధ్యాత్మికం అంటే తన ఒంట్లోంచి, మనసులోంచి పుట్టేది. ఆధిభౌతికం తోటి మనుషులవల్ల, ప్రాణులవల్ల వచ్చేది. ఆధిదైవికం వాన, వరద, భూకంపంలా ఎవరి చేతిలోనూ లేనిది. ఈ లెక్కలో ఆధ్యాత్మిక తాపం అంటే పూజలో లోపం కాదు, జ్వరం కూడా దాని కిందికే వస్తుంది. ఒకే కష్టంలో రెండు మూడు పాళ్లు ఉండొచ్చు. ఉద్యోగం పోవడం ఆధిభౌతికం. ఆ తర్వాత నిద్ర పట్టకపోవడం ఆధ్యాత్మికం. ఇలా గుర్తులు పెట్టాక, ఈ వారంలో చేయగలిగిన పని ఏదైనా ఉన్న వరుసల కింద గీత గీయండి. డాక్టరు, వకీలు, బంధువు, బ్యాంకు, ఎవరి దగ్గరికి వెళ్లాలో అక్కడే తేలిపోతుంది.

చాలామంది తడబడేది ఇక్కడే. "శిక్ష" అన్న మాట మొదటి కాగితంలోకి జొరబడుతుంది. మనసుకు లోకం న్యాయంగా నడుస్తోందన్న భరోసా కావాలి, దానికోసం బాధపడేవాడి మీద తప్పు మోపడానికైనా సిద్ధపడుతుంది. మెల్విన్ లెర్నర్ అనే మనస్తత్వవేత్త 1960లలో చేసిన ప్రయోగాల్లో ఇది బయటపడింది. ఒకామెకు కరెంటు షాకులు తగులుతున్నట్టు చూపించారు. ఆపే దారి లేక చూస్తూ కూర్చున్నవాళ్లు, ఏ తప్పూ చేయని ఆమెనే చిన్నచూపు చూడటం మొదలుపెట్టారు. మన కష్టం విషయంలో ఆ చూసేవాళ్లమూ మనమే, షాకు తగిలేదీ మనకే.

రెండో కాగితం: ఎవరూ సంతకం పెట్టని ఒప్పందం

ఈ వాక్యాన్ని పది నిమిషాల్లో, ఆగి ఆలోచించకుండా, కనీసం ఐదుసార్లు పూర్తి చేయండి: "నేను ఫలానాది చేస్తున్నాను కాబట్టి నాకు ఫలానాది జరగకూడదు." మొదటి రెండూ మర్యాదగా వస్తాయి. మూడో నాలుగో దగ్గర అసలుది బయటికొస్తుంది: "నేను ఎవరికీ చెడు తలపెట్టలేదు కాబట్టి నా బిడ్డకు ఏమీ కాకూడదు." రాశాక చెయ్యి ఆగిపోతే, కన్నీళ్లొస్తే, అదే. దాని కింద గీత గీయండి. మిమ్మల్ని కోస్తున్న రెండో బాణం ఈ "కాబట్టి"లో ఉంది.

ఇప్పుడు ఆ హామీని మీ ధర్మం నిజంగా ఇచ్చిందా అని గ్రంథం తెరిచి చూడండి. గీత ఏడో అధ్యాయం 16వ శ్లోకంలో తనను కొలిచే పుణ్యాత్ములు నాలుగు రకాలని కృష్ణుడు చెబుతూ, ఆర్తుణ్ణి మొదట పేర్కొంటాడు. ఆర్తుడంటే కష్టంలో ఉన్నవాడు. అంటే కష్టపడుతున్నవాడికి భక్తుల వరుసలో చోటుంది, అదీ మొదట్లోనే. ఖురాన్ రెండో అధ్యాయం 155వ వాక్యం భయం, ఆకలి, ధననష్టం, ప్రాణనష్టంతో పరీక్షిస్తామనే చెబుతుంది. లోకంలో మీకు శ్రమ తప్పదని యేసు శిష్యులతో అన్నాడు. రక్షిస్తానని చెప్పే వాక్యాలూ ఉన్నాయి, లేవనడం అబద్ధం. గీతలో "యోగక్షేమం వహామ్యహం" (మీ బాగోగులు నేనే మోస్తాను) ఉంది, బైబిలులో 91వ కీర్తన ఉంది. కానీ ఆ 91వ కీర్తననే చూపించి "దేవాలయం మీంచి దూకు, దూతలు పట్టుకుంటారు" అని సైతాను పురిగొల్పితే యేసు దూకలేదు. వాగ్దానాన్ని బీమా పాలసీలా చదవకూడదని ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం.

ఒప్పందం కనపడగానే "ఛీ, నాది ఇంత స్వార్థపు భక్తా" అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అది మూడో బాణం అవుతుంది. పసిబిడ్డ తల్లి కొంగు పట్టుకునేదీ ఏదో కావాలనే. చేయాల్సింది ఒక్క మాట మార్చడం. "కాబట్టి" తీసేసి "అయినా" పెట్టండి. "జబ్బు వచ్చింది. అయినా జపం చేస్తాను, ఎందుకంటే..." అని రాసి ఆగండి. ఆ ఎందుకంటే తర్వాత మీ సొంత కారణం ఏదో రావాలి. రాకపోతే ఖాళీగా వదిలేయండి. ప్రవచనంలో విన్న వాక్యం అక్కడ అతికిస్తే వారం తిరక్కుండానే ఊడిపోతుంది.

కర్మ అన్న మాటను వాడే పద్ధతి

వేదాంతం కర్మను మూడుగా చూస్తుంది. సంచితం, అంటే ఇదివరకు పోగైన కర్మ, అమ్ములపొదిలో ఉన్న బాణాలు. ఆగామి, అంటే ఇప్పుడు చేస్తున్న కర్మ, వింటికి ఎక్కుపెడుతున్నది. ప్రారబ్ధం, అంటే ఫలం ఇవ్వడం మొదలైన కర్మ, ఇప్పటికే విడిచేసిన బాణం. జ్ఞానం వచ్చాక సంచితం కాలిపోతుంది, ఆగామి అంటదు, విడిచిన బాణం మాత్రం వెళ్లాల్సినంత దూరం వెళ్లే ఆగుతుంది. జ్ఞానికీ ఒళ్లు నొప్పి ఎందుకంటే ఇదే సంప్రదాయం చెప్పే జవాబు.

ఈ మాట వాడటానికి రెండు నియమాలు పెట్టుకోండి. ఒకటి, దాన్ని ముందుకే తిప్పాలి. యోగసూత్రాలు రాసిన పతంజలి "హేయం దుఃఖమనాగతమ్" అన్నాడు: తప్పించుకోదగ్గది ఇంకా రాని దుఃఖం. "ఏ జన్మలో ఏం చేశానో" అని తవ్వుకుంటూ పోతే అడుగు తేలదు, ఈ రోజు చేయాల్సిన పనీ తేలదు. రెండు, ఇంకొకరి కష్టం మీద ఆ మాట ఎప్పుడూ వాడకూడదు. కర్మ గతి గహనమని, అంటే అంతుచిక్కనిదని, గీతే చెప్పింది. శివకుడనే పరివ్రాజకుడు (ఊరూరా తిరిగే సన్యాసి) అనుభవించేదంతా పూర్వకర్మేనా అని అడిగితే బుద్ధుడు కాదన్నాడు. పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, దెబ్బలు, ఆ తర్వాత ఎనిమిదోదిగా కర్మ అని కారణాలు లెక్కపెట్టాడు. కర్మను నమ్మే ధర్మంలోనే దానికిచ్చిన వాటా అంత.

మొరపెట్టుకోవడం ఎలా

దేవుడి మీద కోపం పాపమనుకుని మింగేసేవాళ్లే ఎక్కువ. మింగిన కోపం కొన్నాళ్లకు చల్లబడి విసుగవుతుంది, విసుగు పూజ మానిపిస్తుంది. దానికన్నా నోరు విప్పి అడగడమే మంచిది. రామదాసు గోల్కొండ చెరలో రాముణ్ణి నిలదీస్తూనే పాడాడు. బైబిలులో 22వ కీర్తన "నా దేవా, నన్నెందుకు విడిచావు" అనే మొదలవుతుంది. 88వ కీర్తనకైతే ఓదార్పు ముగింపు కూడా లేదు, చీకటి అన్న మాట దగ్గరే ఆగిపోతుంది. దాన్ని ఎవరూ తీసేయలేదు.

ఒంటరిగా, పైకి వినపడేలా, పదిహేను నిమిషాలు. ముందు మీరు పిలిచే పేరుతోనే పిలవండి. తర్వాత ఫిర్యాదు చెప్పండి, మెత్తగా మార్చకుండా. తర్వాత ఏం కావాలో అడగండి. "శాంతినివ్వు" అని కాదు, "రేపటి స్కానింగులో గడ్డ పెరగలేదని రావాలి" అన్నంత స్పష్టంగా. చివర నమ్మకం మాట లోపలినుంచి వస్తే అనండి, రాకపోతే లేచి ముఖం కడుక్కోండి. ఫిర్యాదు సగంలో "క్షమించు స్వామీ" అని తుంచేస్తే మొత్తం వృథా. గంటల తరబడి అదే తిప్పుకుంటే మొర కాస్తా చింత అవుతుంది, అందుకే ఫోనులో టైమరు పెట్టుకోమనేది.

సాధన తగ్గించండి, మానకండి

యోగసూత్రాలు సాధనకు తొమ్మిది అడ్డంకులు చెబుతాయి. వాటిలో మొదటిది వ్యాధి. జబ్బులో మనసు నిలవకపోవడం శాస్త్రం ఊహించిన విషయమే, మీ ఒక్కరి వైఫల్యం కాదు. నూట ఎనిమిది చేసేవాళ్లు పదకొండుకు రండి. నలభై నిమిషాల ధ్యానాన్ని ఐదు నిమిషాలకు తెండి. వేళ మాత్రం మార్చకండి, కష్టకాలంలో నిలబెట్టేది అలవాటైన ఆ వేళే. మొదటి నెల కొత్త మొక్కులూ దీక్షలూ పెట్టుకోవద్దు. భయంలో మొక్కిన మొక్కు పాత ఒప్పందానికి కొత్త కాపీ.

ధ్యానం విషయంలో ఇంకో జాగ్రత్త. కళ్లు మూసుకోగానే గుండె దడ, పాత భయానక దృశ్యాలు వస్తుంటే బలవంతాన కూర్చోకండి. ధ్యానంలో ఎదురయ్యే ఇబ్బందులపై 2017లో వెలువడిన ఒక అధ్యయనం, సాధకులతో మాట్లాడి 59 రకాల అనుభవాలు గుర్తించింది. భయం, నిద్రలేమి వాటిలో ఉన్నాయి. కళ్లు తెరిచి, అరికాళ్లు నేలకు ఆనించి, లేదా నడుస్తూ నామం చెప్పుకోండి. అదీ కుదరకపోతే కొన్నాళ్లు ధ్యానం పక్కన పెట్టి చేతి పని ఏదైనా చేయండి. ఉపవాసం అలవాటున్నవాళ్లు మందులు వేసుకునేటప్పుడు డాక్టరును అడక్కుండా ఉండకూడదు, ముఖ్యంగా షుగరు మందులైతే. పూజలో ఏమీ అనిపించకపోవడం కూడా భక్తికి కొలత కాదు. మదర్ థెరిసా ఉత్తరాలు 2007లో అచ్చయ్యాక, ఆమె దశాబ్దాల పాటు దేవుడి సన్నిధి తెలియకుండానే పని చేసిందని లోకానికి తెలిసింది.

పక్కన కూర్చునేవాళ్లకు

బైబిలులో తప్పేమీ చేయకుండానే అన్నీ పోగొట్టుకున్న భక్తుడు యోబు. అతని స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. కారణాలు వివరించడం మొదలుపెట్టాక అంతా చెడింది, చివరికి దేవుడు తప్పుపట్టింది వాళ్లనే. "అంతా మన మంచికే", "ఇష్టమైనవాళ్లకే దేవుడు కష్టాలిస్తాడు", "ఇంకా గట్టిగా నమ్మాల్సింది" అనకండి. మొదటి రెండూ బాధపడేవాడు తనంతట తాను అనుకుంటే ఊరట, మీరంటే దెబ్బ. మూడోది ఎవరన్నా దెబ్బే. "రేపు పదింటికి నేనొచ్చి ఆస్పత్రికి తీసుకెళతాను" అనండి, పదింటికి వెళ్లండి. కలిసి ప్రార్థిస్తానంటే ముందు అడగండి, వద్దంటే నొచ్చుకోకండి.

సాయం కోరాల్సిన గుర్తులు

"దేవుడు నన్ను వదిలేశాడేమో", "నన్ను ప్రేమించడం లేదు" అన్న ఆలోచనలు వారాల తరబడి వదలకపోతే తేలిగ్గా తీసుకోకండి. 55 ఏళ్లు పైబడిన 596 మంది రోగుల్ని రెండేళ్లు గమనించి 2001లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఇలాంటి మథనంలో ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువగా కనిపించాయి, ఆరోగ్యంలో తేడాల్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా. అందుకని ఈ మాట మీ డాక్టరుకూ చెప్పండి, మీరు నమ్మే పెద్దకూ చెప్పండి. రెండు వారాలకు పైగా నిద్ర, తిండి, పని మీద ఆసక్తి పోతే మానసిక వైద్యుణ్ణి కలవాలి. చచ్చిపోవాలనిపిస్తే అదే రోజు కలవాలి, ఆ రాత్రి ఒంటరిగా ఉండకూడదు. మందులు మానేస్తేనే దేవుడు కరుణిస్తాడనేవారి దగ్గరా, డబ్బు తెస్తే కష్టం తీరుస్తాననేవారి దగ్గరా రెండో నిమిషం ఉండకండి.

నలభై రోజులయ్యాక రెండో కాగితం తెరవండి. "ఎందుకంటే" తర్వాత ఖాళీ వదిలిన చోట ఏదైనా రాయాలనిపిస్తే రాయండి. అనిపించకపోతే పక్కన తేదీ వేసి, మడిచి, మళ్లీ అక్కడే పెట్టండి.