సోబర్ హోమ్‌కు జోనింగ్ అడ్డొస్తే మినహాయింపు అడగడం ఎలా?

అమెరికాలో సోబర్ హోమ్ (మత్తు వ్యసనం నుంచి కోలుకుంటున్నవాళ్లు కలిసి ఉండే ఇల్లు) కోసం ఇల్లు లీజుకు తీసుకునే ముందే ఆ ఊరి జోనింగ్ కోడ్‌లో, అంటే ఏ ప్రాంతంలో ఏ కట్టడం ఎలా వాడొచ్చో చెప్పే స్థానిక నిబంధనల్లో, ‘ఫ్యామిలీ’ నిర్వచనం చదవండి. బంధుత్వం లేనివాళ్లు ఎందరు కలిసి ఉండొచ్చన్నది సాధారణంగా అక్కడే ఉంటుంది. చిక్కంతా దానితోనే. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్‌లో ఒకప్పుడు ఆ పరిమితి ఐదుగురు. అక్కడి ఆక్స్‌ఫర్డ్ హౌస్ అనే సోబర్ హోమ్‌లో ఉన్నది 10–12 మంది. ఇలాంటి నిబంధనను ఫెయిర్ హౌసింగ్ చట్టం (ఇళ్ల విషయంలో వికలాంగులు తదితరులపై వివక్షను నిషేధించే చట్టం; వ్యసనం నుంచి కోలుకుంటున్నవాళ్లకూ ఇది రక్షణ ఇస్తుంది) కింద ప్రశ్నించవచ్చని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఈ చట్టం కింద పరిమితి నుంచి మినహాయింపును ఊరి అధికారులను నోటిమాటగా అడిగినా చెల్లుతుంది గానీ, రాసిచ్చి అందినట్టు తేదీతో సంతకం తీసుకోండి. ఏ సెక్షన్ సడలించాలి, ఎందరు ఉంటారు, అంతమంది ఎందుకు కావాలి అన్నవి రాయాలి. అర్జీ బోల్తాపడేది ఎక్కువగా మూడోదాని దగ్గరే. అద్దె గిట్టదంటే సరిపోదు. తోటివాళ్ల అండ కోలుకోవడానికి ఎలా అవసరమో చూపాలి. ఇరుగుపొరుగు ముందు ఎత్తేది పార్కింగే, కాబట్టి కార్ల లెక్క కూడా ఇవ్వండి.

ప్రస్తుతం అక్రమంగా డ్రగ్స్ వాడేవారికి ఈ రక్షణ వర్తించదు. అందుకే టెస్టింగ్, మళ్లీ వాడితే ఇల్లు ఖాళీ చేయాలన్న నియమం ఉన్న హౌస్ రూల్స్ జతచేయండి. నివాసుల మెడికల్ రికార్డులు మాత్రం మీ అంతట మీరుగా ఇవ్వొద్దు.

అధికారులు కాదంటే హెచ్‌యూడీకి (ఫెడరల్ గృహనిర్మాణ శాఖ) ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు. ఫెడరల్ కోర్టుకైతే రెండేళ్ల గడువు.