గ్రీన్ కార్డు బీరువాలో ఉంది సరే, స్టేటస్ ఉందా?

మా అమ్మానాన్నలకి గ్రీన్ కార్డు వచ్చినప్పుడు అందరూ చెప్పిన మాట ఒకటే. "ఏడాదికోసారి వచ్చి మొహం చూపించి వెళ్తే చాలు, కార్డు పదేళ్లు ఉంటుంది కదా!" ఈ మాట డల్లాస్‌లో విన్నాను, న్యూజెర్సీలో విన్నాను, గుంటూరులో పెళ్లి భోజనాల దగ్గర కూడా విన్నాను. ఇది తప్పు. ఈ మాట నమ్మి ఎయిర్‌పోర్టులో గంటల తరబడి కూర్చుని సమాధానాలు చెప్పుకున్న పెద్దవాళ్లు నాకు తెలుసు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు ఒక్క విషయం అర్థమైతే మిగతావన్నీ తేలిక. కార్డు వేరు, స్టేటస్ వేరు. మన ఊళ్లో పట్టాదారు పాస్‌బుక్ పోయినంత మాత్రాన పొలం పోదు, కొత్త పుస్తకానికి అప్లై చేసుకుంటాం. గ్రీన్ కార్డు కూడా అలాంటి రుజువే. దాని మీద తేదీ అయిపోయినా పర్మనెంట్ రెసిడెంట్ హోదా దానంతట అది పోదు. కానీ రెండో వైపు కూడా చూడాలి. కార్డు మీద ఇంకా ఎనిమిదేళ్లు గడువు ఉన్నా, మీరు అమెరికాలో కాపురం ఉండటం మానేశారని తేలితే ఆ హోదా పోయే ప్రమాదం ఉంది. మనవాళ్లు మొదటిదానికి అనవసరంగా టెన్షన్ పడతారు, రెండోదాన్ని అసలు పట్టించుకోరు.

ఇప్పుడు కార్డు బయటికి తీసి చూడండి. కేటగిరీ దగ్గర ఉన్న కోడ్ మీకు ఏ దారిలో వచ్చిందో చెబుతుంది. పౌరులైన పిల్లలు అప్లై చేస్తే, ఇండియా నుంచి ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులకి ఐఆర్5 అని ఉంటుంది. ఉద్యోగం మీద ఈబీ-2 అనే కేటగిరీలో ఏళ్ల తరబడి ఎదురుచూసి అమెరికాలోనే తీసుకున్నవాళ్లకి ఈ26 అని ఉంటుంది. 'రెసిడెంట్ సిన్స్' అన్న చోట ఉన్న తేదీ చాలా ముఖ్యం, సిటిజన్‌షిప్‌కి లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే. పేరు స్పెల్లింగ్, పుట్టిన తేదీ కూడా సరిచూసుకోండి. మన ఇంటిపేర్లతో తప్పులు దొర్లుతుంటాయి, అవి కార్డు చేతికి వచ్చిన వారంలోనే పట్టుకుంటే మంచిది.

కోడ్ సీఆర్1 లేదా సీఆర్6 అయితే అది రెండేళ్ల షరతు కార్డు, పెళ్లయి రెండేళ్లు నిండకముందే హోదా వచ్చినవాళ్లకి ఇస్తారు. దీన్ని మామూలు రెన్యువల్ అనుకోవద్దు. కార్డు గడువు ముగిసే ముందు 90 రోజుల్లో భార్యాభర్తలిద్దరూ కలిసి, ఆ షరతు తీసేయమని అడిగే ఐ-751 ఫారం పెట్టాలి, పెట్టకపోతే ఇక్కడ మాత్రం కార్డుతో పాటు హోదా కూడా పోతుంది. విడాకులైనా, ఇంట్లో హింస ఉన్నా ఒంటరిగా వేయడానికి దారి ఉంది. ఈ మాట మన ఆడపిల్లలకి గట్టిగా చెప్పాలి, "నేను సంతకం పెట్టకపోతే నిన్ను ఇండియా పంపించేస్తారు" అని బెదిరించే మొగుళ్లున్నారు. ఆ బెదిరింపుకి లొంగక్కర్లేదు, లాయర్‌ని కలవండి.

పదేళ్ల కార్డుదారులకి ఇంత కంగారు లేదు. గడువుకి ఆరు నెలల ముందు నుంచి కొత్త కార్డు కోసం ఐ-90 అనే ఫారం వేయొచ్చు. ఫీజు 2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 415 డాలర్లు, కాగితం మీద పంపితే 465, మీరు వేసే రోజున యూఎస్‌సీఐఎస్ (అమెరికా ఇమిగ్రేషన్ దరఖాస్తులు చూసే ప్రభుత్వ శాఖ) సైట్‌లో ఒకసారి చూసుకుని కట్టండి. వేశాక వచ్చే రసీదు నోటీసు పారేయకండి, పాత కార్డుతో కలిపి చూపిస్తే గడువు పొడిగించినట్టే లెక్క. 2024 సెప్టెంబర్ నుంచి ఆ పొడిగింపు 36 నెలలు చేశారు. ఇంకొకటి, 18 ఏళ్లు దాటినవాళ్లు కార్డు ఎప్పుడూ దగ్గరే ఉంచుకోవాలని చట్టం చెబుతోంది. పోతుందన్న భయంతో లాకర్‌లో పెట్టేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఇక అసలు విషయం, ఇండియా ప్రయాణాలు.

ఆరు నెలల లోపు వెళ్లొస్తే సాధారణంగా ఇబ్బంది రాదు. ఒకేసారి 180 రోజులు దాటితే తిరిగి వచ్చినప్పుడు మిమ్మల్ని కొత్తగా ప్రవేశం అడుగుతున్నవారిలా చూడొచ్చు. ఏడాది దాటితే తిరిగి రావడానికి ఆ కార్డు ఒక్కటే పనికిరాదు. ఈ అంకెలు మనవాళ్లకి తెలుసు, అందుకే ఐదు నెలల ఇరవై రోజులకి టికెట్ తీసి, వచ్చి రెండు వారాలుండి మళ్లీ వెళ్తారు. కానీ ఆఫీసర్ చూసేది రోజుల లెక్క ఒక్కటే కాదు. మీ ఇల్లు ఎక్కడ, బ్యాంకు ఖాతా ఎక్కడ, టాక్స్ రిటర్న్ వేశారా, ఏ పని మీద వెళ్లారు, అది ఎప్పటికి అవుతుందనుకున్నారు, ఇవన్నీ కలిపి చూస్తారు. ప్రతి ఏడాదీ పది నెలలు విజయవాడలో, రెండు నెలలు కొడుకు దగ్గర గడిపితే, మీ కాపురం ఎక్కడో పాస్‌పోర్టు మీద ముద్రలే చెప్పేస్తాయి.

ఎక్కువకాలం ఉండక తప్పదని ముందే తెలిస్తే, అంటే ఆపరేషన్, పొలం అమ్మకం, మంచం పట్టిన తల్లి, ఇలాంటివి ఉంటే, బయల్దేరకముందే ఐ-131 ఫారం మీద రీఎంట్రీ పర్మిట్‌కి, అంటే ఎక్కువకాలం బయట ఉన్నా తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి పత్రానికి అప్లై చేయండి. వేసే రోజున మీరు అమెరికాలోనే ఉండాలి, ఇండియా వెళ్లాక కొడుకు ఇక్కడి నుంచి వేస్తానంటే కుదరదు. బయోమెట్రిక్స్‌కి (వేలిముద్రలు, ఫోటో ఇవ్వడానికి) కూడా ఇక్కడే వెళ్లాలి, టికెట్ తేదీ దాన్నిబట్టి పెట్టుకోండి. సాధారణంగా రెండేళ్లకి ఇస్తారు. అయితే సిటిజన్‌షిప్ లెక్కని ఇది కాపాడదు. ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికా నేల మీద ఉండాలన్న షరతు, ఒకేసారి ఏడాది బయట ఉంటే నిరంతర నివాసం తెగిపోతుందన్న షరతు అలాగే ఉంటాయి.

ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు పెరిగి, ఐ-407 అనే కాగితం ముందు పెట్టి సంతకం చేయమంటే ఏం చేయాలో అమ్మానాన్నలకి విమానం ఎక్కకముందే నేర్పండి. అది గ్రీన్ కార్డు వదులుకుంటున్నామని రాసిచ్చే ఫారం, సంతకం పెట్టడం పూర్తిగా మన ఇష్టం. పెట్టనని మర్యాదగా చెప్పి, ఇమిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకుంటానని అడిగే హక్కు ఉంది. తెలుగు దుబాసీని అడగమని కూడా చెప్పండి, అర్థం కాకుండా "ఎస్, ఎస్" అనడం వల్లే చిక్కులొస్తాయి.

టాక్స్ గురించి కొంచెం. ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా అమెరికాలో చూపించాలి, ఇండియాలో ఫిక్సెడ్ డిపాజిట్ వడ్డీతో సహా. విదేశీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్, అంటే ఆ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే రిపోర్టు వేయాలి. నాన్ రెసిడెంట్‌గా రిటర్న్ వేస్తే స్టేటస్ వదిలేశారనడానికి అదే సాక్ష్యం కావచ్చు. ఇల్లు మారితే పది రోజుల్లో కొత్త అడ్రస్ యూఎస్‌సీఐఎస్‌కి చెప్పాలి. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటు నమోదు గడిలో టిక్ పెట్టొద్దు, గ్రీన్ కార్డు ఉన్నా మీరు భారత పౌరులే, ఫెడరల్ ఎన్నికల్లో ఓటేస్తే దేశం నుంచి పంపించే దాకా వెళ్తుంది.

పిల్లలకి ఒక మాట. అమ్మానాన్నలకి నిజంగా ఇక్కడ ఉండాలని ఉందా అని అడిగారా? చాలామందికి ఉండదు, అక్కడ గుడి, ఇరుగుపొరుగు, తెలిసిన డాక్టరు ఉన్నారు. అలాంటప్పుడు ఏటా భయపడుతూ కార్డు లాగడం కంటే, ఇండియాలో నింపాదిగా కూర్చుని తమ ఇష్టంతోనే ఐ-407 పంపి, తర్వాత విజిటర్ వీసాకి అప్లై చేయడం నా దృష్టిలో మంచి పని. వీసా ఇస్తారన్న గ్యారంటీ లేదు, అది ఒప్పుకునే దిగాలి. ఆ ఐ-407 కాపీ, కార్డుకి రెండు వైపులా తీసిన ఫోటో దాచి, వీసా ఇంటర్వ్యూ రోజు వెంట తీసుకెళ్లమనండి.